నన్ను తిట్టని గ్యాంగ్

ఈమధ్య ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేరి నెల దాటిందట. మిఠాయి డబ్బా చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టబోయింది. అదంతా వద్దని కూర్చోబెట్టి, కింద పనిచేసే గ్యాంగ్ వాళ్లు ఎలా ఉన్నారని అడిగాను.

"చాలా మంచివాళ్లు ఆంటీ. ఎంత గౌరవమో! మిగతా ఆపరేటర్లని నోటికొచ్చినట్టు తిడతారు గానీ, నన్ను పల్లెత్తు మాట అనరు" అంది సంబరంగా.

నేను మిఠాయి డబ్బా పక్కన పెట్టేసి ఆమెకి ఎదురుగా కూర్చున్నాను.

ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ప్రమాదమున్న పనుల్లోకి కొత్తగా అడుగుపెడుతున్న ఆడపిల్లలు చదివితే చాలు. మగపిల్లలు చదివినా నష్టం లేదు. ముందే ఒక మాట చెప్పాలి. తేదీలు గుర్తుపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మా వీధిలో ఎవరి పెళ్లి ఏ వారం జరిగిందో, ఆ రోజు సాంబారులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పగలను. అయినా ఇక్కడ తేదీలు రాయడం లేదు. మా పోర్టులో తేదీ రాస్తే పేరు రాసినట్టే. ఆ షిఫ్టులో ఎవరున్నారో సాయంత్రానికల్లా ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. అందుకని తేదీలు లేవు, పేర్లు లేవు. ఇంకొకటి కూడా రాయను. అదేమిటో మీకే తెలుస్తుంది.

ఓడల్లోకి సరుకు ఎక్కించే ఒక చిన్న కంపెనీలో నేను పనిచేశాను. మా ఓడలు వచ్చి ఆగే బెర్తులో క్రేన్ ఎక్కిన మొదటి ఆడమనిషిని నేనే. మేం ఎక్కువగా ఎక్కించేది ఉక్కు కడ్డీల కట్టలు. ఒక్కో కట్ట ఒక లారీ అంత పొడుగు, ఏనుగంత బరువు. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి సముద్రం కనిపిస్తుంది, డాల్ఫిన్ కొండ కనిపిస్తుంది, ఎండలో ఆరేసిన ఓడ వంటవాడి లుంగీ కూడా కనిపిస్తుంది. కనిపించనిది ఒక్కటే, ఓడ పొట్టలో అడుగు. కట్టను దించవలసింది మాత్రం సరిగ్గా అక్కడే. అక్కడే కళాసీలు నిలబడి, కట్టను తాళ్లతో తిప్పి సర్దుతారు. అందుకని ఓడ అంచున ఒక మనిషి వాకీటాకీ పట్టుకుని నిలబడి, కిందికి చూసి పైకి చెబుతాడు. ఆయన నోరే ఆపరేటరుకి కళ్లు.

నేను చేరినప్పుడు క్యాంటీన్‌లో వినిపించిన మాటలు మామూలువే.

"బావా, ఈ గుంట నెల తిరక్కుండా దిగిపోద్ది, సూడు."

"దిగిపోద్దేటి? కళ్లు తిరిగి పైనే ఉండిపోతే దింపడానికి ఇంకో క్రేను తెప్పించాల."

అలాంటివాటికి నేను సిద్ధపడే వెళ్లాను. నిచ్చెన నిటారుగా ఉంటుందని తెలుసు, చీర బదులు ప్యాంటు కుట్టించుకున్నాను. పైకెక్కాక పదేపదే దిగడం కుదరదని తెలుసు, మంచినీళ్లు ఎప్పుడు ఎన్ని తాగాలో లెక్క వేసుకున్నాను. నేను లెక్క వేసుకోనిది గౌరవం ఒక్కటే.

మాకు ఓడ అంచున అలా నిలబడేది గ్యాంగ్ మేస్త్రి. భీమిలి మనిషి. తండ్రీ తాతా చేపలవేటకి వెళ్లినవాళ్లు. ఈయన పడవ ఒగ్గేసి పోర్టుకి వచ్చాడు గానీ, ఒక పడవ నుంచి ఇంకో పడవకి కేకేసే గొంతు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో పాటలు పాడేవాడు. సోమవారం నుంచి శనివారం వరకు అదే గొంతుతో ఆపరేటర్ల తాతముత్తాతలందరినీ పేరుపేరునా పలకరించేవాడు. ఆయన తిట్టకపోతే జ్వరం తగిలిందేమోనని మగ ఆపరేటర్లు కంగారుపడేవారట.

ఆ తిట్లలో ఒక పద్ధతి ఉందని నాకు అప్పటికి తెలియదు. ఎత్తమన్నా దించమన్నా మామూలు మాటలే. "ఆపు" అంటే ఆగమని కాదు. "దగ్గరపడింది, నెమ్మది" అని. పూర్తిగా, ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోవాలంటే ఒక మాట ఉంది. ఆపరేటరు వంశాన్ని మొత్తం ఒక్క ముక్కలో కలుపుకునే తిట్టు. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. మేస్త్రికి పని నేర్పిన మేస్త్రి అలా అరిచేవాడు, ఈయనకీ అదే పట్టుబడింది. ఆ మాట వినగానే చెయ్యి ఆగిపోయేలా ఆపరేటర్లు తయారయ్యారు. దాన్నే రాయనని పైన అన్నాను. ఈ పుస్తకం మా మనవరాలు చదువుతుంది.

నేను క్యాబిన్ ఎక్కిన మొదటిరోజు మేస్త్రి గ్యాంగ్‌ని పోగుచేసి హెచ్చరించాడు. పైకి స్పష్టంగా వినిపించింది.

"ఒరే, ఇయ్యాల్టి నుంచి పైన ఆడకూతురుంది. ఎవుడి నోటమ్మటైనా తిట్టు వచ్చిందంటే నాలిక కోసి సేపలకేసేత్తాను!" ఈ ముక్క చెప్పడానికి నాలుగు తిట్లు వాడాడు. తర్వాత వాకీటాకీలో గొంతు మారిపోయింది. "అమ్మగారూ, నమస్కారమండి. కుంచెం దించుతారేటండి?"

నేను పొంగిపోయాను. ఆ సాయంత్రం ఆనందపురంలో ఇంటికి వెళ్లి మా అత్తగారికి చెప్పి మురిసిపోయాను కూడా.

రెండు నెలలు అలాగే సాగింది. తర్వాత ఒకరోజు కట్టను ఓడలోకి దించుతున్నాను. సముద్రం మీద నుంచి గాలి విసిరింది, కట్ట పక్కకి తిరిగింది. వాకీటాకీలో ఏదో గొంతుకడ్డం పడిన చప్పుడు. తర్వాత, "అమ్మగారూ... మరేటంటే... ఆపండమ్మా."

ఆపండి అంటే నెమ్మది అని ఆ రెండు నెలల్లో నాకు పట్టుబడింది కదా, నెమ్మది చేశాను. కట్ట నెమ్మదిగానే వెళ్లి ఒక మూల కూర్చుంది. ఆ మూల గ్యాంగ్ వాళ్ల అన్నం క్యారేజీలున్నాయి.

కట్టను మళ్లీ ఎత్తేసరికి మేస్త్రి క్యారేజీ అప్పడంలా ఉంది. చేపల పులుసు కడ్డీలకి అంటుకుని ఎండలో మెరిసిపోతోంది. కళాసీలు పడీపడీ నవ్వారు. "మేస్త్రీ, మీ సేప మల్లీ ఓడెక్కి పోతంది!" అని ఒకడు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "బావా, నాను ఆడే కూకున్నాను. మంచినీల్లకని ఇప్పుడే లేసినాను" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మర్నాడు బెర్తు ఆఫీసరు పిలిపించారు. మంచి మనిషి. కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"మీ తప్పని అనడం లేదమ్మా. కానీ ఇది మీకు తగిన చోటు కాదేమో. టైమ్ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంది. ఫ్యాన్ కింద."

ఆ కుర్చీ చూసి వచ్చాను. ఫ్యాన్ నిజంగానే బాగుంది. ఒకసారి అందులో కూర్చుంటే మళ్లీ నిచ్చెన దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు. నన్నొక్కదాన్నే కాదు, నా వెనక వచ్చే ఏ ఆడపిల్లనీ రానివ్వరు. "ఒకావిడని పెట్టి చూశాం కదా" అంటారు.

ఆ తిట్టు సంగతి మగ ఆపరేటర్లని అడిగి తెలుసుకుని, ఇంటికి వెళ్లి లెక్క వేశాను. బరువుతో ఉన్న కొక్కెం సెకనుకి అర మీటరు దిగుతుంది. మగ ఆపరేటరుకైతే ఆ మాట ఒక్క సెకనులో అయిపోతుంది. నా విషయంలో మేస్త్రి ముందు ఆ మాట మింగాలి, "అమ్మగారూ" అనాలి, "మరేటంటే" అనాలి, అప్పుడు "ఆపండమ్మా". గోడ గడియారం ముందు నిలబడి నేనే పలికి చూసుకున్నాను. ఐదు సెకన్లు. అంటే నాకు దక్కిన గౌరవం విలువ రెండు మీటర్లు. కింద కూర్చున్న మనిషి ఎత్తు అందులో సగం కూడా ఉండదు.

మర్నాడు ఆఫీసరుని ఒక్కటే అడిగాను. ఈ ఓడ నిండేదాకా నన్ను ఉండనివ్వండి, ఇంకొక్క పొరపాటు జరిగితే మీరు చెప్పకుండానే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటాను అని. ఆయన ఒప్పుకున్నారు. ఓడకి ఇంకా రెండు అరలు నిండాలి.

తిట్టు లేకుండా పని జరగదా అని మీరు అడగవచ్చు. మా సేఫ్టీ ఆఫీసరు కూడా అదే అడిగాడు. "స్టాప్ అనండి, అంతే కదా" అన్నాడు. మేస్త్రి బుద్ధిగా స్టాప్, స్టాప్ అని వల్లె వేశాడు. టీ వేళ నేను ఆయన వెనక చేరి సత్తు పళ్లెం ఒకటి సిమెంటు మీద పడేశాను. ఉలిక్కిపడి ఆయన ఆ పళ్లేన్ని వంశంతో సహా తిట్టాడు. సేఫ్టీ ఆఫీసరుకి టీ పొలమారింది. భయపడినప్పుడు నోట్లోంచి వచ్చేది ముందే ఖాయమై ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వస్తున్న మాటని ఒక్క వారంలో మార్చలేం.

"మేస్త్రీ, మీరు నన్ను తిట్టాలి" అన్నాను.

"ఏటమ్మా ఆ మాట! నా కూతురీడుదానివి... దానివేటి, ఈడువారు మీరు."

"మీ అల్లుడు క్రేన్ ఎక్కితే తిట్టరా?"

"ఆడు ఎక్కకపోయినా తిడతాను."

"మరి నేనేం పాపం చేశాను?"

ఆయన తల గోక్కున్నాడు. "అది కాదమ్మా. ఆ మాటలో మీ పెద్దోలందరూ వత్తారు. ఆలు ఒప్పుకోకుండా నానెలాగంటాను? రేపు ఎవురైనా నా మొకం మీదడిగితే?"

సరేనని ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆయన్ని ఆనందపురం తీసుకువెళ్లాను. మా అత్తింటివాళ్లది కూరగాయల సేద్యం. జంక్షన్ దగ్గర బేరంలో మా అత్తగారి గొంతు లేస్తే హైవే మీద లారీలు హారన్ మానేసేవి. ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. మేస్త్రి చేతులు కట్టుకుని, చెమటలు కక్కుతూ, సంగతంతా చెప్పాడు. ఆమె తరగడం ఆపలేదు.

"అయితే ఇప్పుడేటంటావు? నువ్వు తిట్టకపోతే కిందోడు సచ్చిపోతాడు, అంతేనా?"

"అంతే తల్లీ."

"మరి తిట్టీ. ఇంట్లో నాను తిట్టడం లేదేటి?" అని కత్తిపీట మీద నుంచి తలెత్తింది. "ఒక్కటి సెప్తన్నాను, ఇను. దాని పుట్టింటోల్ని అనుకో. మావోల జోలికి రాకు."

నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

"తల్లీ, ఆ తొందర్లో ఎవురి ఇంటిపేరో సూసుకుని తిట్టడం అవుతాదేటి?" అని మేస్త్రి మొత్తుకున్నాడు.

"అయితే తప్పు కట్టు. మావోల్ని అన్నప్పుడల్లా ఒక సేప."

"కవళ్లు తెత్తాను."

"మా మామగారి వంశం కవళ్లకి వచ్చీసిందేటి? కోనాం తే."

కవళ్లు చిల్లర చేపలు, కోనాం ఖరీదైన పెద్ద చేప. బేరం కోనాం దగ్గరే తెగింది. అత్తగారితో బేరమాడి గెలిచినవాళ్లని నేను చూడలేదు.

అనుమతి వచ్చింది గానీ తిట్టు రాలేదు. సోమవారం నుంచి మేస్త్రి సాధన మొదలుపెట్టాడు. వాకీటాకీ పట్టుకుని ఊపిరి తీసుకుని, ఆ మాట సగం అని, చివర "అండీ" తగిలించేవాడు. ఒకసారి ముందు "అమ్మగారూ" పెట్టి, తర్వాత తిట్టి, "ఏటీ అనుకోకండి" అని ముగించాడు. గ్యాంగ్ అంతా కడుపులు పట్టుకుని నవ్వేవారు. "మేస్త్రీ, శుభలేక సదువుతన్నట్టుంది" అని వెక్కిరించేవారు. పైన నాకు నవ్వు రాలేదు. ఒక అర నిండిపోయింది. మిగిలింది ఒక్కటి.

ఆఖరి అరలో ఆఖరి వరస. ఆ మధ్యాహ్నం గాలి బాగా లేచింది. కట్టను ఓడ పొట్టలోకి పంపాను. "దించండమ్మా, దించండి" అంటున్నాడు మేస్త్రి, ఎప్పటిలాగే పెళ్లిపెద్దలా. కింద కట్టల మధ్య సర్దే చెక్కదుంగల్లో ఒక కళాసీ కాలు ఇరుక్కుపోయిన సంగతి నాకు కనిపించదు. నాకు సముద్రం కనిపిస్తోంది. ఒక టగ్గు పడవ కనిపిస్తోంది.

నా చెయ్యి ఆగింది.

ఎందుకు ఆపానా అనుకున్నాను. అప్పుడు వినిపించింది. ముందు అమ్మగారూ లేదు, చివర అండీ లేదు. ఆ మాట, నిండుగా, భీమిలి దాకా వినిపించేంత గట్టిగా. వాకీటాకీలో ఒకసారి, గాలిలో ఒకసారి.

కట్ట గాలిలో ఊగుతూ నిలబడింది. దాని కింద ఆ కళాసీ హెల్మెట్టుకీ ఇనుముకీ మధ్య జానెడు ఉందని తర్వాత చెప్పారు. నలుగురు దుంగలు పీకి అతన్ని లాగేశారు. బూటు ఒకటి అక్కడే ఉండిపోయింది, అంతే. "ఎత్తు" అన్నాడు మేస్త్రి. ఎత్తండి అనలేదు.

మా వాకీటాకీ ఆఫీసులోనూ వినిపిస్తుంది మరి. బెర్తు ఆఫీసరు, సేఫ్టీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి సేఫ్టీ ఆఫీసరు కాగితం తీశాడు. "ఏ సిగ్నల్ ఇచ్చావయ్యా?"

"సెప్పకూడదండి."

"రాసుకోవాలి కదా!"

"రాయకూడదు కూడానండి."

ఆయన చాలాసేపు పెన్ను నమిలి, "తగిన హెచ్చరిక చేయబడినది" అని రాశాడు. మా పోర్టులో అంత చక్కని వాక్యం నేను మళ్లీ చదవలేదు.

ఈలోగా నిచ్చెన మీద అడుగుల చప్పుడు. మేస్త్రి అంతవరకు ఎప్పుడూ క్యాబిన్‌కి ఎక్కలేదు. పైదాకా వచ్చి, రొప్పుతూ, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని రెండో చెయ్యి దండం పెడుతున్నట్టు ఎత్తాడు.

"తల్లీ..."

"మేస్త్రీ, ఎవరి వైపు వాళ్లని అన్నారు?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "మీ అత్తోరోల్ని."

"అయితే కోనాం."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు మధ్యలో ఏడుపు కూడా ఉంది గానీ నేను సముద్రం వైపు చూశాను. కొంతసేపటికి ముఖం తుడుచుకుని లేచాడు. "దా, దిగు. టీ తాగుదువు గాని" అన్నాడు. మీరు పోయి నువ్వు వచ్చింది. ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రమోషన్లన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి. వాటిలో మొదటిది అదే.

ఓడ నిండింది, వెళ్లిపోయింది. నన్ను కుర్చీలోకి వెళ్లమని ఎవరూ అనలేదు. ఆ కుర్చీ నడుము నొప్పి ఉన్న ఒక మగ ఆపరేటరుకి ఇచ్చారు. ఆయనకీ ఫ్యాన్ నచ్చింది.

ఆదివారం చర్చి నుంచి అటే మేస్త్రి తెల్ల చొక్కాతో ఆనందపురం బస్సు దిగాడు. మోచెయ్యంత కోనాం, అరిటాకులో చుట్టి. అత్తగారు మొప్పలు ఎత్తి చూసింది, బరువు చూసింది, మేస్త్రి మొహం చూసింది.

"ఇంత పెద్ద సేపే! మావోల్ని ఎంత మాటన్నావురా?"

ఆ తర్వాత నా సర్వీసులో ఎన్ని చేపలు వచ్చాయో నా దగ్గర లెక్క ఉంది. చెబితే మేస్త్రి మనవలు నొచ్చుకుంటారు.

దీన్ని తిట్లకి నేనిచ్చే సర్టిఫికెట్ అనుకోకండి. ఒకడు క్యాబిన్ నిచ్చెన మీద సుద్దముక్కతో నా గురించి రోత రాతలు రాశాడు. నేను ఫిర్యాదు చేస్తే, గ్యాంగ్ అంతా చూస్తుండగా వాడి చేతే కడిగించారు. నీళ్ల బకెట్ మోసుకొచ్చి ఇచ్చింది మేస్త్రే. వాడు నన్ను దింపడానికి రాశాడు. మేస్త్రి నన్ను పనిలో కలుపుకోవడానికి అరిచాడు. రెంటికీ ఉన్న తేడా ఆ నిచ్చెన ఎక్కినవాళ్లకి వివరించనక్కర్లేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి, "ఇప్పుడు కెమెరాలున్నాయి ఆంటీ, స్క్రీన్ మీద కనిపిస్తుంది" అంది.

"అన్ని మూలలూనా?"

"అన్నీ కాదు" అంది.

"మరి నిన్ను ఉన్నపళంగా ఆపాలంటే ఏమంటారు?"

"మేడమ్, ప్లీజ్, ఒక్క నిమిషం అంటారు."

ఒక్క నిమిషం! అర మీటరు చొప్పున లెక్క వేసి చూపించాను. ఆ అమ్మాయి చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది. "కానీ తిట్టమంటే ఒప్పుకోరు ఆంటీ. మీ ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అంటారు. మా అమ్మ ససేమిరా ఒప్పుకోదు."

"నా పేరు చెప్పు. నా పుట్టింటివాళ్లని అనమను. అలవాటైపోయింది వాళ్లకి."

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఆంటీ, తిట్టారు."

"చెయ్యి ఆగిందా?"

"ముందే ఆగిపోయింది ఆంటీ. తర్వాత వినిపించింది."

"కింద వాళ్లు?"

"కూర్చుని అన్నాలు తింటున్నారు."

"అందరూనా?"

"అందరూ ఆంటీ. పైనుంచి లెక్కపెట్టాను."